మూత తీయని పలకలు

చలిగుంటలో ఎవరూ ఎవరికీ ఫోటో ఇవ్వరు. పెళ్లిళ్లలో కెమెరా కనిపించదు. బిడ్డ పుడితే వచ్చి చూసి పోతారు, అంతే. భూమి నుంచి తెచ్చుకున్న పాత ఫోటోలను చాలామంది కొలిమిలో వేసి కాల్చారు. పోలిక యంత్రం అబద్ధం చెప్పదని అందరూ అంటారు. అయినా సొంత ఫోటో ఎవరూ ఉంచుకోరు. పరాయివాళ్లది దొరికితే పారేయరు.

చలిగుంట చందమామ దక్షిణ ధ్రువం దగ్గర ఉంది. ఎండ ఎన్నడూ పడని లోయ అది. అనంతపురం పల్లెల్లో బోర్లు వేసి, నీళ్లు పడక, అప్పటికే దుమ్ము తిని బతికిన రిగ్గులవాళ్లను ఒక కంపెనీ ఇక్కడికి తెచ్చింది. రాతిలోని మంచు తవ్వి కరిగించడం వాళ్ల పని. బతుకు సొరంగాల్లో. గాలి పైపుల్లో. ఒక్కడు తప్పు చేస్తే పదిమంది చస్తారు. అందుకే తప్పుకు శిక్ష ఒకటే: తలుపు అవతలికి పంపడం. అవతల గాలి లేదు.

తప్పు చేసిందెవరో తేల్చే యంత్రాన్ని వన్నూరప్ప తయారుచేశాడు. సొరంగాల గోడలకు కాంతిపలకలు బిగించి ఉంటాయి. ముందు జరిగేదంతా వాటిలో బొమ్మలుగా దిగుతుంది. కానీ సొరంగాల మసక వెలుగులో బొమ్మ నిండా రొదే. ఇసుక చల్లినట్టు చుక్కలు తప్ప కంటికి ఏమీ కనబడదు. యంత్రానికి ఒక మనిషి ఫోటో ఇస్తే, దాన్ని ఒక్కో బొమ్మ మీద అంగుళం అంగుళం జరుపుతుంది. ఎక్కడ ఎక్కువగా కుదిరిందో అక్కడి ముక్కను కత్తిరిస్తుంది. అలా వేల బొమ్మల్లోంచి తీసిన ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కడుతుంది. రొద రొదను చంపుకుంటుంది. అక్కడ ఉన్న మొహం తేలుతుంది. తేలితే తప్పు ఆ మనిషిదే. చదువుకున్నవాళ్లు దీన్ని క్రాస్ కోరిలేషన్ అంటారు. వన్నూరప్ప జోడుపోలిక అన్నాడు. ఆ పేరే నిలిచింది.

ఫోటో ఎవరు తేవాలన్నది మాత్రం జనం పెట్టుకున్న కట్టు. సీమలో నీళ్లు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ లేచి నిలబడిన చోట బోరు వేస్తారు. ఆ టెంకాయ రైతు ఇంటిదే కావాలి. చలిగుంటలో టెంకాయ లేదు. అలవాటు ఉంది. నష్టపోయినవాడే ఫోటో తేవాలన్నారు.

ఆ ఉదయం గిడ్డయ్య ఫోటో తెచ్చాడు. అతను తీర్పులు చెప్పే ఊరి కూటానికి పెద్ద. నాలుగో సొరంగంలో గాలి కవాటం వదులై అతని కోడలు ఎర్రమ్మ చనిపోయి వారం కాలేదు.

"ఇదప్పా," అని వన్నూరప్ప చేతిలో పెట్టాడు. కత్తెరతో గుండ్రంగా కత్తిరించిన మొహం. పంపులు చూసే కుళ్ళాయప్పది. మొహం పక్కన పట్టుచీర అంచు ఒక వేలెడంత మిగిలింది.

వన్నూరప్ప ఆ అంచును గుర్తుపట్టాడు. "ఇది నా పెళ్లి ఫోటో గదా మామా."

"అవును. నీది నువ్వు కాల్చుకొంటివి. నాది నేను దాచినా."

కుళ్ళాయప్ప వన్నూరప్ప భార్యకు తమ్ముడు. భార్య రోగంతో పోయింది. పోతూ తమ్ముణ్ణి చూసుకోమంది. చలిగుంటలో ఆ ఇద్దరికీ వేరే బంధువులు లేరు. ఇంకో కట్టు కూడా ఉంది: బయటి తలుపు తెరిచే చక్రం తిప్పాల్సింది నిందితుడి బంధువే. పరాయివాడు తిప్పితే పగ మిగులుతుందని.

వన్నూరప్ప యంత్రం నడిపాడు. తెర మీద మొదట బూడిద రంగు మరక. తర్వాత రెండు కళ్లు. తర్వాత మీసం. గిడ్డయ్య చూసి, తల ఊపి, మిగిలిన ఫోటోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కుళ్ళాయప్పను పంపుల గదిలో పెట్టి తాళం వేశారు. వన్నూరప్ప కిటికీ జాలీ దగ్గరికి వెళ్లాడు.

"బావా, నీ యంత్రానికి పిచ్చి పట్టిందా? ఆ పొద్దు నేను జరంతో నీ ఇంట్లో పడుంటి గదా. కషాయం నువ్వే తాపిస్తివి. చేదుగా ఉందంటే తిడ్తివి గూడా."

నిజమే. ఇంతకుముందు యంత్రం చూపిన ముగ్గుర్ని తలుపు అవతలికి పంపారు. తప్పు జరిగిన పొద్దు వాళ్లు ఎక్కడున్నారో వన్నూరప్పకు తెలియదు. అతను అడగలేదు.

"కూటంలో చెప్పు బావా."

"బామ్మర్ది కోసం చెప్పే మాట ఎవురు నమ్ముతార్రా?"

"అయితే చక్రం నువ్వే తిప్పుతావా?"

వన్నూరప్ప యంత్రం గదికి పరుగెత్తాడు.

అరలో కొత్త పలకలున్న డబ్బా ఉంది. సీలు కూడా తీయలేదు. వాటి మీద ఏనాడూ వెలుగు పడలేదు. వాటిలో ఉన్నది రొద ఒక్కటే. వాటిని యంత్రంలో పెట్టి, అదే ఫోటో ఇచ్చాడు. ఏమీ తేలకూడదు.

బూడిద రంగు మరక వచ్చింది. రెండు కళ్లు వచ్చాయి. మీసం వచ్చింది.

రొదలో అన్ని ఆకారాలూ కొద్దికొద్దిగా ఉంటాయి. ఏ ముక్క ఫోటోను పోలి ఉందో దాన్నే యంత్రం ఏరుతోంది. ఏరినవన్నీ పేరిస్తే మళ్లీ ఆ ఫోటోనే వస్తుంది. అది గోడలో మనిషిని వెతకడం లేదు. ఇచ్చిన మొహాన్ని తిరిగి ఇస్తోంది. ఆ ముగ్గురూ అలాగే పోయారు. వాళ్ల బంధువులు చక్రం తిప్పి, కళ్లు తుడుచుకుని, పనికి వెళ్లారు.

భోజనాలయ్యాక బయటికి పోయే తలుపు ముందు కూటం చేరింది. కుళ్ళాయప్పను చేతులు కట్టి తెచ్చి నిలబెట్టారు. వన్నూరప్ప యంత్రాన్ని బండి మీద తోసుకొచ్చాడు. డబ్బా పైకెత్తి చూపాడు.

"ఇవి కొత్త పలకలు. వీటి ముందర ఎవురూ నిలబళ్లేదు. మీలో ఎవురైనా ఒక ఫోటో ఇయ్యండి. ఎవురిదైనా సరే. ఆ మొహమే వస్తాది. చూపిస్తా."

ఎవరూ ఇవ్వలేదు. కొందరి చేతులు జేబుల మీదికి పోయాయి. ఒకావిడ రవిక మీద కొంగు సర్దుకుంది.

"ఇస్తే ఏమైతాది? ఇది ఉత్త పరీక్షే," అన్నాడు వన్నూరప్ప.

"ఉత్త పరీక్షయితే నీదే పెట్టుకోప్పా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

వన్నూరప్ప గిడ్డయ్య ముందు చేయి చాపాడు. గిడ్డయ్య జేబులోంచి పెళ్లి ఫోటో తీసిచ్చాడు. వధువుకు ఒక పక్క రంధ్రం. రెండో పక్క వన్నూరప్ప, తలపాగాతో. అతను కత్తెర అడిగి తీసుకుని తన మొహం తానే కత్తిరించాడు. యంత్రంలో పెట్టాడు.

తెర మీద మరక తేలింది. కళ్లు. ముక్కు. తలపాగా అంచు కూడా వచ్చింది.

"చూసినారా! నేను ఈ డబ్బాలో ఉంటినా? కుళ్ళాయప్ప నాలుగో సొరంగంలోనూ లేడు. ఆ కవాటం ఎవురూ వదులు చేయలే. వాషర్ అరిగిపోయింది. మార్చల్లని వాడు ఈ కూటంలోనే మొత్తుకొన్న్యాడు. వచ్చే నెల చూస్తామని చేతులెత్తింది మనమే. ఎర్రమ్మను చంపింది మనమందరం."

పైపుల్లో గాలి తిరగడం వినిపించింది. వన్నూరప్ప వాళ్ల మొహాలు చూశాడు. ఆశ్చర్యం ఒక్కరిలోనూ లేదు. అప్పుడతనికి నిజంగా భయం వేసింది.

గిడ్డయ్య దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "నీ యంత్రం సంగతి మాకు తెలీదనుకొంటివా వన్నూరప్పా? తెలీకుంటే ఫోటోలు ఎందుకు కాలుస్తాం?"

"తెలిసీ ముగ్గుర్ని..."

"మనిషి పోయినాక ఎవురో ఒకరు పోవల్ల. లేకుంటే ఇంతమందిమీ ఒకరి మొహం ఒకరు చూసుకొంటా ఈ బొరియల్లో ఎట్ల బతుకుతాం?" అతను తెర వైపు చూశాడు. "టెంకాయ లేసింది. లేసినాక బోరు వేయాల్సిందే. టెంకాయ కూడా నీ ఇంటిదే."

నలుగురు ముందుకొచ్చి వన్నూరప్ప రెక్కలు పట్టుకున్నారు. కుళ్ళాయప్ప కట్లు ఎవరో విప్పారు.

"కుళ్ళాయప్పా! చెప్పరా! నువ్వు నా ఇంట్లో ఉన్న్యావని చెప్పరా!"

కుళ్ళాయప్ప మణికట్లు రుద్దుకున్నాడు. తెర మీది మొహాన్ని చూశాడు. బావ మొహం చూడలేదు.

"మొహం కనిపించె గద బావా," అన్నాడు.

వన్నూరప్పను రెండు తలుపుల మధ్య గదిలోకి తోసి, లోపలి తలుపు మూశారు. గిడ్డయ్య పెళ్లి ఫోటో మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అందులో రెండు రంధ్రాల మధ్య పెళ్లికూతురు ఒక్కతే నవ్వుతోంది.

"బంధువెవురు?" అని కట్టు ప్రకారం అడిగాడు.

కుళ్ళాయప్ప ముందుకు వచ్చాడు. అరచేతులు లాగుకు తుడుచుకుని చక్రం పట్టుకున్నాడు. ఆ చక్రానికి చమురు వేసేది అతనే. అది చప్పుడు లేకుండా తిరిగింది.