కర్నల్ గారికి విస్తరి

అమెరికాలో, అల్ఫారెట్టాకి అరగంట దూరంలో ఉన్న ఆ పాత ఇటుకల ఇంటిని దివాకర్ కొన్నది ఇల్లు చూసి కాదు, గేటు మీద పేరు చూసి. ‘స్ప్రాగిన్స్ హౌస్’! ఆఫీసులో అందరికీ ఫొటోలు పంపాడు. సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్ అయ్యాక ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పట్టుకుంటుంది. ఇతనికి కర్నల్ ఒబడయా స్ప్రాగిన్స్ పిచ్చి పట్టింది.

ఎవరయ్యా ఈ మహానుభావుడు అంటారా? నూటయాభై ఏళ్ల కిందట, అమెరికా అంతర్యుద్ధంలో సైన్యానికి పురుగులు పట్టిన మాంసం అమ్మి పైకొచ్చినవాడు. ఒక్కనాడూ తుపాకీ పట్టకుండానే కర్నల్ అయిపోయాడు. ఏ పార్టీ గెలిస్తే అందులో దూరి రాష్ట్ర సెనేటర్ అయ్యాడు. తనే చట్టం చేయించి, జైళ్లలో మగ్గుతున్న నల్లవాళ్లను అద్దెకు తెచ్చుకుని, తన ఇటుక బట్టీల్లో గొడ్డుచాకిరీ చేయించుకున్నాడు. వాళ్ల కూటికని సర్కారు ఇచ్చే మొక్కజొన్న పిండినీ బయట అమ్ముకున్నాడు. వాళ్లు ఆకలితో బట్టీల పక్కనే రాలిపోతుంటే, ఈయన బొజ్జ పెంచుకుని, ఊరికి ఒక టౌన్‌హాలు కట్టించి, ధర్మాత్ముడనిపించుకుని పట్టుపరుపు మీద పోయాడు. థూ, అదీ ఒక బతుకేనా!

అటక మీద దొరికిన, నోట్లో చుట్టతో ఉన్న ఆయన పటాన్ని దివాకర్ శుభ్రంగా తుడిచి డైనింగ్ రూమ్‌లో తగిలించాడు.

“సెల్ఫ్ మేడ్ మ్యాన్, మనీషా! రెస్పెక్ట్ ఇవ్వాలి.”

“పక్కోళ్ల కూడు తిని బలిసినోడు సెల్ఫ్ మేడ్ ఏందండీ?” అని అతని భార్య మనీషా మూతి తిప్పుకుంది.

ఆ యేడు పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, వచ్చింది. మనీషా నాన్న దామోదర్ పోయాక మొదటి పెత్రమాస. ఆయనకు కొడుకుల్లేరు, ఉన్నది ఈ ఒక్క బిడ్డే. మనీషాకు ఐదో నెల దాటింది, కడుపులో పిల్ల ఇంకా కదల్లేదు. డాక్టర్ ఏం పర్లేదన్నాడు. మనీషా మనసులో మాత్రం ఒకటే నమ్మకం. ఇవాళ నాన్న వచ్చి తింటాడు, తృప్తిగా తన కడుపున పడతాడు. అప్పుడే పిల్ల కదులుతుంది.

పెద్దలకు పెట్టుకోవడం తెలిసిందే కదా. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఫొటో ముందు విస్తరి వేసి, కొత్తబట్టలు పెట్టి, తలుపు దగ్గరికేసి అందరూ బయటికొచ్చేయాలి. పెద్దలు తినేదాకా ఆ గదిలోకి ఎవరూ తొంగి చూడకూడదు.

మనీషా మటన్ కూర, గారెలు, పచ్చిపులుసు చేసింది. పక్కవీధి రాధారాణి ఆంటీ సాయానికొచ్చింది. మనీషా ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫ్రోజెన్ అరిటాకు కడిగి, డైనింగ్ రూమ్‌లో నాన్న ఫొటో ముందు వేసి వడ్డించింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, కర్నల్ పటం కింద ఇంకో ఆకు! దాని పక్కన గ్లాసులో విస్కీ!

“ఇదేందండీ?”

“ఇంటి పెద్ద కదా, పాపం ఆయనకు మాత్రం ఎవరున్నారు?” అన్నాడు దివాకర్. పటానికి సలాం కొట్టి, “కర్నల్ సాబ్, మీ ఇల్లే అనుకోండి. కూర్చుని తినండి!” అని నవ్వాడు.

రాధారాణి ఆంటీ బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో, మనకేమీ కానోళ్లను అట్లా పిలవొచ్చా నాయనా!”

మనీషాకు ఒళ్లు మండిపోయింది. కానీ పిలిచాక ఆకు తీసేస్తే పాపమంది ఆంటీ. నోరు మూసుకుని తలుపు దగ్గరికేసింది.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. ఎక్కడో లాన్ కోస్తున్న మిషన్ చప్పుడు. ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. కాసేపటికి ఆ మిషన్ ఆగింది. ఇల్లంతా కాలిన మట్టి వాసన కమ్మింది.

గదిలో కుర్చీ కిర్రుమంది.

“ఆంటీ... విన్నారా?”

“ష్...”

నమిలే చప్పుడు. నెమ్మదిగా కాదు... ఆబగా. జుర్రుతున్న చప్పుడు. పటుక్కున ఎముక విరిగింది. మనీషా లేచి నిలబడింది. నాన్నకు పళ్లు లేవు. ఎముక ఎన్నడూ కొరకలేదు.

తలుపు అవతల, కింద నుంచి, సన్నగా...

“బిడ్డా...”

“నాన్నా!”

“నా ఇస్తరి... గుంజుకుంటుండు బిడ్డా...”

మనీషా తలుపు మీదికి దూకింది. రాధారాణి ఆంటీ రెక్క పట్టి ఆపింది. “తియ్యకమ్మా! తినేటప్పుడు తలుపు తీస్తే పెద్దలు మళ్లీ రారు!”

“పాత ఇల్లు కదా... పైపులేమో...” అని దివాకర్ గొణిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఆకలైతుంది... తలుపు తియ్యి బిడ్డా... నన్ను ఎళ్లగొడుతుండు...”

మనీషా చెయ్యి తలుపు మీదే ఉంది. తీస్తే నాన్న మళ్లీ రాడేమో. తీయకపోతే... ఆ చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

లోపల అంతా నిశ్శబ్దం...

ఇంక ఉండబట్టలేక తోసింది. నాన్న ఫొటో ముందు ఆకు లేదు. అది కర్నల్ పటం కింద, రెండో ఆకు పక్కన ఉంది. రెండూ నాకేసినట్టున్నాయి. ఎముకలు కూడా మిగల్లేదు. పటంలో మాత్రం అదే బొజ్జ, అదే పొగరు.

“తీసేస్తా మనీషా... ఇప్పుడే పారేస్తా...” దివాకర్ పటం పీకి, చంకలో పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. అంత గొప్పగా తగిలించినవాడు చెత్తడబ్బా వెతుక్కుంటున్నాడు!

మనీషా నాన్న ఫొటో గుండెకు హత్తుకుని నేల మీద కూలబడింది. “తియ్యలేదు నాన్నా... నేను తలుపు తియ్యలేదు...” అని ఏడ్చింది.

అప్పుడు కడుపులో కదిలింది. మొదటిసారి. గట్టిగా, కాలితో తన్నినట్టు.

“ఆంటీ!”

రాధారాణి ఆంటీ గబగబా కడుపు మీద చెయ్యి వేసి చూసింది. “అమ్మయ్య! కదిలాడమ్మా! మీ నాన్నే, ఇంకెవరు? ఏడవకు తల్లీ!”

మనీషా ఏడుస్తూనే నవ్వింది. ఏదో అనబోయి నోరు తెరిచింది. మాట రాలేదు. పెద్ద తేన్పు వచ్చింది... కడుపు పగిలేలా తిన్న మగాడి తేన్పు.

పెద్దలు తినేదాకా ముట్టకూడదని పొద్దుటి నుంచి ఆమె మంచినీళ్లు కూడా తాగలేదు.

గదంతా మటన్ వాసన, చుట్ట కంపు. రాధారాణి ఆంటీ కడుపు మీంచి చెయ్యి మెల్లగా తీసేసింది.