శ్రీకారంతో మొదలైన నంబరు

ఆ మధ్యాహ్నం డిటెక్టివ్ నరసింగరావు గదికి వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఇత్తడి కేరియరు గుండెలకి హత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. పేరు ఎలీసమ్మ. ఆమె భర్త జీవరత్నం బస్సు డ్రైవరు. పదిహేను రోజుల కిందట, అంటే 1968 ఆగస్టులో, శ్రీముఖలింగం నుంచి ఆమదాలవలస వస్తున్న అతని బస్సు వంతెన గోడని గుద్ది కిందికి దొర్లింది. ముగ్గురు పోయారు. జీవరత్నం ఇప్పుడు విజయనగరం జైల్లో ఉన్నాడు.

“తాగి తోలినాడని రాసేసినారు బాబూ. మా ఆయన సుక్క ముట్టడు. బ్రేకు పడనేదంటన్నాడు. బండి మంచిదేనని ఓనరంటన్నాడు. నానేటి సెయ్యాల?”

“కేసు తీసుకుంటానమ్మా. కాని ఏ నిజం తేలినా దాచను. ఆలోచించుకో.”

“నిజం తేలితే సాలు బాబూ. ఆయన ఇంటికొచ్చేస్తాడు.”

అసిస్టెంటు సోములు అప్పుడే సంబరపడిపోయాడు. తన గురువుగారు కేసు ఓడిపోవడం అతను ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

నరసింగరావు కేరియరు వంక చూశాడు. దాని మీద ‘శ్రీ జీవరత్నం’ అని చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది.

“మీరు చర్చికి వెళ్లేవాళ్లు కదా. పేరుకి ముందు శ్రీకారం ఏమిటి?”

“ఆమదాలవలస బజార్లో గిన్నెల మీద పేర్లు సెక్కే గంగులు కొట్టినాడు బాబూ. ముందు శ్రీ పెట్టందే ఆడి సెయ్యి కదల్దు. మా పాస్టరు గారి సెంబు మీదా అంతే!” అని ఏడుపులోనే కొంచెం నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆమదాలవలసలో బస్సు ఓనరు అప్పలసూరి షెడ్డుకి వెళ్లారు. నుజ్జయిన బస్సు ఓ మూల పడి ఉంది.

“యాభై ఏడు మోడలండి. నాలుగేళ్ల కిందట కొత్తవలసలో కొన్నాను. అంతకన్నా పాతదైతే నాకొద్దని ముందే చెప్పాను,” అన్నాడు అప్పలసూరి, రిజిస్ట్రేషన్ పుస్తకం చూపిస్తూ.

“ఎవరికి చెప్పారు?”

“బండి చూసి రమ్మని పంపినవాళ్లకి.”

పుస్తకంలో ఛాసీ నంబరు 43816. ఏ ఏడాది బళ్లు ఏ నంబరుతో మొదలయ్యాయో చెప్పే కంపెనీ జాబితాని సోములు తిరగేశాడు. ఆ నంబరు 1957దే. ఇంజను మీది నంబరు మాత్రం 19240. అది 1947ది.

“ఇంజను ఎవరో మార్చుంటారు. మార్చకూడదా ఏమిటి?” అన్నాడు ఓనరు.

మార్చవచ్చు. నరసింగరావు ఆ మాట ఒప్పుకుని, చొక్కా విప్పి బస్సు కిందికి దూరాడు. అడుగున ఉన్న ఇనుప దూలాన్ని గ్రీజు పోయేలా తుడిచి టార్చి వేశాడు. అక్కడా 43816 ఉంది.

“ముందు ఏదో వంకర గీత ఉంది సార్. కంపెనీ గుర్తేమో,” అన్నాడు పక్కనే దూరిన సోములు.

నరసింగరావు టార్చి ఇంకా దగ్గరికి జరిపాడు. అంకెల చుట్టూ ఆకురాయి గీతలు కనిపిస్తున్నాయి. వాటి మీద యాసిడ్ రాసి అరగంట ఆగాడు. అరగదీసిన చోట పాత అంకెలు మసకగా తేలాయి. 19226.

“ఇంజను మారలేదు. బండే నలభై ఏడుది,” అన్నాడు.

సోములు ఆగలేకపోయాడు. సైకిలేసుకుని వెళ్లి, మీ ఆయన బయటపడ్డట్టేనని ఎలీసమ్మకి చెప్పొచ్చాడు. నరసింగరావు ఒక్కడూ బజారు వైపు వెళ్లాడు. తిరిగొచ్చాక అన్నం ముట్టలేదు.

మరుసటి రోజు అదే షెడ్డులో అందరూ చేరారు. ఓనరుతో పాటు సబ్ ఇన్‌స్పెక్టరు, ఎలీసమ్మ, ఓ మూల ఒదిగి గంగులు.

“కంపెనీవాళ్లు అంకెని ఒక్క దెబ్బకి అచ్చు గుద్దుతారు. ఈ అంకెలు చుక్కలతో కట్టినవి, గిన్నెల మీద పేర్లలా. సోములు చూసిన వంకర గీత శ్రీకారం. ఏ కంపెనీ నంబరుకి ముందు శ్రీ రాస్తుంది?” అన్నాడు నరసింగరావు. “కొత్తవలస వ్యాపారి ముక్కలైపోయిన వేరే బస్సు పుస్తకాన్ని దీనికి అంటగట్టాడు. పుస్తకానికి సరిపడా నంబరు గంగులు కొట్టాడు.”

సోములు ఓనరు వంక గుర్రుగా చూశాడు. “ఇతనేనా కొట్టించింది?”

“కాదు. గంగులూ, చెప్పు.”

గంగులు తల ఎత్తలేదు. “ఇనుం మీద కొట్టన్రా అన్నాను బాబూ. కొత్త మోడల్ దొరికితేనే ఉద్దోగమిస్తానన్నాడట ఓనరు. నా బతుకు నిలబెట్టన్నా అని కాళ్లట్టుకున్నాడు జీవరత్నం.”

“బండి చూసి రమ్మని నేను పంపింది వాణ్ణే,” అన్నాడు అప్పలసూరి నెమ్మదిగా.

“బ్రేకు పడలేదన్నది నిజం, తాగలేదన్నదీ నిజం,” అన్నాడు నరసింగరావు. “ఇరవై ఏళ్ల బండని తెలిసి నాలుగేళ్లు జనాన్ని ఎక్కించుకున్నాడు. అదీ నిజమే.”

సోములుకి గురువుగారి మీద మొదటిసారి కోపం వచ్చింది. సబ్ ఇన్‌స్పెక్టరు రాసుకోవడం ముగించి కలం మూశాడు. “ఇంక ఇది అజాగ్రత్త కేసు కాదు. దొంగ నంబరు, తెలిసి చేసిన చావులు. పదేళ్ల దాకా పడొచ్చు.”

ఎలీసమ్మ ఆ ఇనుప దూలం వంక చూసింది.

“మరి మొదటి కేసుకి ఎంత పడేది బాబూ?”

“రెండేళ్లు. అంతకి మించదు,” అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

“అంటే నాను మీకాడికి రాకపోతే రెండేళ్లేనా?” అంది నరసింగరావు వైపు తిరిగి.

సోములు గురువుగారి ముఖంలోకి చూశాడు, ఏదో ఒక అబద్ధం చెప్పమన్నట్టు.

“అవునమ్మా,” అన్నాడు నరసింగరావు.