తొక్కని యాక్సిలరేటర్

తెనాలిలో తన షాపు షట్టర్ సగం దించుకుని రిజ్వాన్ స్టూలు మీద కూలబడ్డాడు. కార్ల వైరింగ్ చేసేవాళ్ళకి వానాకాలం పండగని అందరూ అంటారు గానీ, ఆ పండగేదో చేసుకునేవాడికే తెలుస్తుంది. నీళ్ళు తాగిన కార్ల కింద దూరి దూరి అతని నడుం చచ్చుబడిపోయింది. పొద్దున్నే బాపట్లలో భార్య కౌసర్‌ని ఆసుపత్రిలో చేర్పించి, పక్కన అత్తగారు జానీ బీని కూర్చోబెట్టి, బైక్ మీద తెనాలి వచ్చాడు. ఇప్పుడు రేపల్లె వెళ్ళాలి. అక్కణ్ణుంచి మళ్ళీ బాపట్ల. ఈ మూడూళ్ళ మధ్య ఏ గుంత ఎక్కడుందో మునిసిపాలిటీ వాళ్ళకంటే అతని వెన్నుపూసకే బాగా తెలుసు.

కౌసర్‌కి మర్నాడే కాన్పు ఆపరేషను. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు రిజ్వాన్ పొన్నూరులో ఎవరిదో కారు కింద పడుకుని ఉన్నాడు. ఆ మాట కౌసర్ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది.

"చీకటి పడకముందే వస్తారుగా?" అని అడిగింది పొద్దున.

"వస్తా. వచ్చాక నీ పక్కనుంచి కదిలితే అడుగు."

రేపల్లెలో ఒక కారు పని. నిజానికి చిన్నదే. ఇంజను పక్కన అరచేయంత అల్యూమినియం డబ్బా ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని 'బ్రెయిన్' అంటారు. పెట్రోలు ఎంత పొయ్యాలో, గాలి ఎంత పీల్చాలో ఇంజనుకి చెప్పేది అదే. ఆ కారులో బ్రెయిన్‌కి మతి చలించిందని రిజ్వాన్ మొన్ననే తేల్చేశాడు. స్టార్ట్ చేసి వదిలేస్తే చాలు, యాక్సిలరేటర్ ఎవరూ తొక్కకుండానే ఇంజను రేజ్ అయిపోతోంది. బ్యాటరీ చూశాడు, ఎర్తు చూశాడు, వైర్లన్నీ తడిమాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. చివరికి డబ్బా విప్పితే బోర్డు ఒక మూల మాడి నల్లగా ఉంది. ఇంకేం కావాలి? విజయవాడ నుంచి అదే నంబరు సెకండ్‌హ్యాండ్ డబ్బా తెప్పించి, పాతదాంట్లోని డేటా మొత్తం దాంట్లోకి ఎక్కించాడు. అలా చేస్తేనే కారు తాళాన్ని కొత్త బ్రెయిన్ గుర్తుపడుతుంది. ఇక వెళ్ళి బిగించడమే.

రేపల్లె చేరేసరికి మబ్బు బాగా కమ్ముకుంది. ఇంటావిడ ప్రమీలారాణి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన గోడవారగా ఆవిడ భర్త జగన్నాథరావు ఫోటో, దండ, దీపం. ఆయనకింకా పెద్దకర్మ కాలేదు. ఆవిడ మొహం చూస్తే నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అనిపించింది. రిజ్వాన్‌కి తన మొహమే గుర్తొచ్చింది.

"ఇవాళ్టితో అయిపోతుందా బాబూ?" అని అడిగింది.

"అయిపోతుందమ్మా. డబ్బా మార్చేస్తే ఇక దాని గోల ఉండదు."

"గోల లేకపోతే చాలు నాయనా. ఆ చప్పుడు వినలేకపోతున్నాను."

పెరట్లో రేకుల షెడ్డు. వాన మొదలైంది. రేకుల మీద చినుకుల మోతకి బయటి చప్పుళ్ళేవీ లోపలికి వినపడటం లేదు. తడిసిన గడ్డి వాసన, ఇంట్లోంచి అగరొత్తుల వాసన, వాటి అడుగున ఎక్కడో మోకాళ్ళకి రాసుకునే నొప్పుల నూనె వాసన. కరెంటు పోయింది. రిజ్వాన్ విసుక్కుంటూ తలకి లైటు కట్టుకుని, కొత్త డబ్బా బిగించి, ప్లగ్గులు నొక్కి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాడు. తాళం తిప్పాడు. కారు ఒక్క పట్టున స్టార్టయింది. డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఆరిపోయింది. ఇంజను బుద్ధిగా, మెత్తగా ఆడుతోంది.

"హమ్మయ్య," అనుకున్నాడు. బాపట్ల కళ్ళ ముందు కనపడింది.

అప్పుడు స్కానర్ తెర మీద ఒక అంకె కదిలింది.

యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చెప్పే అంకె అది. సున్నా దగ్గర ఉండాలి. ఐదయింది. ఏడయింది. ఇంజను గొంతు కొద్దిగా పెరిగింది. రిజ్వాన్ కాళ్ళు రెండూ షెడ్డు నేల మీదే ఉన్నాయి. అతను కారు బయట నిలబడి, తలుపులోంచి వంగి చూస్తున్నాడు.

పాత జబ్బు డేటాతో పాటే ఎక్కేసిందా? అదే అయ్యుంటుందని తనకి తాను చెప్పుకున్నాడు. అయితే ఒక పరీక్ష ఉంది. పెడల్‌లో సెన్సార్లు రెండుంటాయి. ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుంది. అతను మీటర్ తీసి, పెడల్ దగ్గరి ప్లగ్గు మీదే పెట్టి చూశాడు. అక్కడ బ్రెయిన్‌తో పనే లేదు.

రెండు సెన్సార్లూ ఒకే మాట చెబుతున్నాయి. కాలుంది.

నడుం నొప్పి మరిచిపోయాడు. మెల్లగా వంగి పెడల్ మీదికి లైటు వేశాడు. పెడల్ కిందికి దిగుతోంది... చాలా నెమ్మదిగా... సగం దాకా వచ్చి ఆగింది. ఇంజను కేక వేసింది. నొప్పుల నూనె వాసన గుప్పుమంది. ఇప్పుడది ఇంట్లోంచి రావడం లేదు. ఇక్కడే ఉంది. మొహానికి జానెడు దూరంలో.

చెయ్యి పెట్టకూడదని తెలుసు. అయినా పెట్టాడు. పెడల్ కింద వేళ్ళు దూర్చి పైకి లేపబోయాడు. స్ప్రింగు బరువు అతనికి తెలియనిది కాదు. ఇది స్ప్రింగు కాదు. అవతలినుంచి ఎవరో గట్టిగా అదిమిపట్టిన బరువు.

తాళం లాగేశాడు. ఇంజను ఆగింది. పెడల్ మాత్రం వెంటనే పైకి లేవలేదు... కాసేపాగి లేచింది.

వెనక్కి తిరిగితే షెడ్డు గుమ్మంలో ప్రమీలారాణి. తల మీద కొంగు తడిసిపోయింది.

"మీరూ చూశారా?" అని దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది.

"అమ్మా... అయ్యగారు ఎలా పోయారండి?"

"ఇందులోనే. స్టార్ట్ చేశారు, గుండె పట్టేసింది. నొప్పుల నూనె రాసుకున్న కాలు ఆ యాక్సిలరేటర్ మీదే ఉండిపోయింది. నేను వంటింట్లో ఉన్నాను. ఇంజను అంత అరుస్తుంటే, ఈయనకేం చాదస్తమని తిట్టుకుంటూ పోపు వేస్తూ కూర్చున్నాను బాబూ." ఆవిడ ఏడవలేదు. ఏడ్చే ఓపిక అయిపోయిన మనిషి. "మీకు ముందే చెబితే రారని చెప్పలేదు."

ఆవిడని ఏమనగలడు? భయం వేసింది, కోపం వచ్చింది, జాలేసింది. అన్నిటికంటే ఎక్కువగా, పడుకుంటే చాలనిపించింది. చకచకా బ్యాటరీ వైరు ఊడదీశాడు. అంతటితో తృప్తి లేక బ్రెయిన్ డబ్బాను కూడా విప్పి తన సంచిలో వేసుకున్నాడు. బ్యాటరీ లేదు, బ్రెయిన్ లేదు. ఇక అది కారు కాదు, ఉత్త ఇనుము.

"ఇక చప్పుడు రాదమ్మా. నిద్రపోండి," అని బైక్ దాకా వచ్చాడు. సంచి భుజాన వేసుకుని, కిక్కు కొడుతూ, ఏ ఇంటి ముందు నిలబడ్డాడో ఆలోచన లేకుండా, రోజూ ప్రతి కస్టమరుతో అనే మాటే అనేశాడు.

"వెళ్ళొస్తానమ్మా."

ప్రమీలారాణి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నాయనా! చావు జరిగిన ఇంట్లో ఆ మాట అంటారా? చెప్పకుండా వెళ్ళిపోవాలి గానీ..."

రిజ్వాన్‌కి తెలియక కాదు. తమ ఇళ్ళల్లోనూ పరామర్శకు వెళ్తే అలా అనరు. తిరిగి వస్తానని అలాంటి గడపకి ఎవరు మాటిస్తారు? అలసటలో నోరు జారింది. మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియక ఊరికే తల ఊపాడు. షెడ్డు వైపు చూడకుండా బండి ముందుకు దూకించాడు.

చెరుకుపల్లి మీదుగా దారంతా వానే. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. బాపట్లలో ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఇంకా కాస్త వెలుతురు ఉంది. కౌసర్ అతన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక మంచం పక్కన కూర్చుండిపోయాడు. జానీ బీ టీ తెస్తానని కిందికి వెళ్ళింది. సంచి మంచం కిందికి నెట్టాడు.

"మీ కూతురు పొద్దుటినుంచీ ఒకటే తన్నుడు," అంది కౌసర్. కూతురేనని ఆవిడకి ఎవరు చెప్పారో! "పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి."

అతను చెయ్యి చాచబోతుంటే ఫోన్ మోగింది. ప్రమీలారాణి.

"బాబూ..." గొంతు గుసగుసగా వచ్చింది. "అన్నట్టే వచ్చారేం? వచ్చినవాళ్ళు ఒక్క కేక వెయ్యొచ్చుగా."

"ఎవరమ్మా వచ్చింది?"

"మీరే. షెడ్డులో కారులో కూర్చున్నారుగా. పిలుస్తుంటే తల తిప్పరేంటి?"

"అమ్మా, నేను బాపట్లలో ఉన్నానండి. మా ఆవిడ దగ్గర..."

అవతల రేకుల మీద వాన చప్పుడు... దాని వెనక ఇంజను స్టార్టయిన చప్పుడు.

రిజ్వాన్ వంగి మంచం కిందికి చెయ్యి పెట్టాడు. సంచి ఉంది. సంచిలో డబ్బా ఉంది. చల్లగా తగిలింది.

"ఎవరండి ఫోన్‌లో?" అంది కౌసర్.

"ఇప్పుడు తల తిప్పారు," అంటోంది ప్రమీలారాణి. "మీరే... మీ మొహమే బాబూ... నన్ను చూసి తల ఊపుతున్నారు. మీ ఒళ్ళో ఆ పసిగుడ్డు ఎవరు నాయనా?"

రిజ్వాన్ సంచిలోంచి చెయ్యి తీసి కౌసర్ పొట్ట మీద పెట్టాడు. మెల్లగా నొక్కి చూశాడు. మళ్ళీ ఇంకో పక్క పెట్టి చూశాడు.

ఫోన్‌లో ఇంజను నెమ్మదిగా రేజ్ అవుతోంది. చేతి కింద ఏమీ కదలడం లేదు.