ఖాళీ చేతుల నడక

సుభానీ పొద్దున్నే నడక ముగించుకుని వచ్చి, బూట్లు గడప పక్కన విడిచి స్నానానికి వెళ్ళాడు. ఉతికి ఆరబెడదామని ఖాజాబీ వాటిని చేతిలోకి తీసుకుంది. కుడి బూటు తిరగేసి చూస్తే, కొట్లో అంటించిన సైజు కాగితం అడుగున అలాగే ఉంది. ఎనిమిదో నంబరు, కళ్లజోడు లేకుండా చదువుకోవచ్చు. ఎడమది తిరగేసింది. అదీ అంతే.

రోజూ సెంటరు దాకా మూడు కిలోమీటర్లు, వెనక్కి మూడు. రెండున్నర నెలలుగా నడుస్తున్నానని చెబుతున్న మనిషి. అంత నడిచినవాడి బూటుకి కాగితం కూడా ఊడలేదంటే ఏమనుకోవాలి? ఖాజాబీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

జనవరిలో సుభానీకి గుండెలో స్టెంటు వేశారు. గుంటూరులో డాక్టరు ఖాజాబీని కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఒక నాళం తెరిచాం, ఇంకోటి సగం పూడి ఉంది, దాన్ని కాపాడాల్సింది మందుబిళ్లలూ మీ ఇంటి వంటా ఆయన కాళ్లూ అన్నాడు. నడక మానొద్దు, బరువెత్తొద్దు, బీడీ ముట్టొద్దు అన్నాడు.

ఆ రోజు నుంచి ఖాజాబీ బతుకంతా ఆ మాటల చుట్టూ తిరుగుతోంది. బీడీకట్టలు పొయ్యిలో వేసింది. ఆవకాయ జాడీ పక్కింటికి ఇచ్చేసింది. కూరలో ఉప్పు సగం, నూనె చెంచాతో. ఆయన కళ్లు తన కంచం మీద పడతాయని తనూ ఆ చప్పిడి కూరే తింటోంది. పొద్దునా రాత్రీ ఎదురుగా నిలబడి బిళ్లలు మింగిస్తోంది. ఇంత చేస్తుంటే, ఈ పెద్దమనిషి బూట్లకు మట్టి కూడా అంటకుండా తిరిగొస్తున్నాడు.

ఆ రోజు ఏమీ అడగలేదు. మర్నాడు ఆయన బయల్దేరాక, తలమీద కొంగు లాక్కుని వెనకే బయల్దేరింది.

వంద గజాలు కూడా పోలేదు. మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీలో పనిచేసే ఇమ్మానియేలు బైకు ఆపాడు. సుభానీ ఒకసారి అటూ ఇటూ చూసి, ఎక్కి కూర్చున్నాడు. బండి వెళ్ళిపోయింది. ఖాజాబీ కోపంతో మొత్తం మూడు కిలోమీటర్లూ నడిచింది. డాక్టరు ఆయనకు రాసిన నడకను తను నడుస్తున్నానన్న సంగతి సగం దారిలో తట్టి, కోపం ఇంకాస్త పెరిగింది.

సెంటర్లో బజ్జీల కొట్టు ముందు బల్ల మీద ఉన్నాడు సుభానీ. ఒక చేతిలో మిరపకాయ బజ్జీ, ఇంకో చేతిలో చక్కెర టీ. నలుగురితో నవ్వుతున్నాడు. భార్యను చూడగానే నవ్వు ఆగింది. ఖాజాబీ ఆటో పిలిచి, ఎక్కమని కళ్లతో చెప్పింది.

ఇంటికొచ్చి తలుపు వేశాక మొదలుపెట్టింది. తను మానేసిన పచ్చడి దగ్గర నుంచి ఆస్పత్రి వరండాలో నేల మీద పడుకున్న రాత్రుల దాకా ఏకరువు పెట్టింది. సుభానీ మంచం అంచున తల వంచుకుని కూర్చున్నాడు.

"ఎవడో ఎక్కమంటే ఎక్కడమేనా? వద్దనడానికి నోరు లేదా నీకు?" అంది చివరికి.

"ఏమని వద్దనమంటావ్?"

"నడవాలని చెప్పు."

"ఎందుకు నడవాలంటారు. అప్పుడేం చెప్పను?" తల ఎత్తాడు. "మొదటి రోజు నడిచానే ఖాజా. నిజంగా నడిచా. ఖాళీ చేతుల్తో పోతున్నానని ఒకడు గేదె తప్పిపోయిందా అన్నాడు. ఇంకొకడు బండి అమ్ముకున్నావా అన్నాడు. ఇమ్మానియేలు బండి ఆపితే ఎక్కలేదు. మర్నాడొచ్చి, నామీద కోపమా బాబాయ్ అని అడిగాడు. తిరిగొచ్చేటప్పుడూ అంతే, ఎవడో ఒకడు బండి ఆపుతాడు. బజ్జీ వద్దంటే ఏమైందంటారు. టీలో చక్కెర వద్దంటే ఏమైందంటారు. ఏమీ కాలేదని చూపించుకోడానికి తినాల్సొచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నది ఎవరు?"



చెప్పొద్దన్నది ఖాజాబీయే. రాఘవులుగారి నాలుగెకరాలు పదకొండేళ్లుగా కౌలుకి చేస్తున్నారు. కాగితం లేదు, నోటిమాటే. కిందటేడు కాలు విరిగిన కౌలుదారు దగ్గర నుంచి పైచేలో మూడెకరాలు తీసేసుకున్నారాయన. జబ్బు మనిషి చేను ఏం చేస్తాడులే అన్నారట. ఆ మాట ఖాజాబీ చెవుల్లో ఉంది. అందుకే ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి తీర్మానం చేసింది, మంగళగిరిలో కూతురు ఉజ్మా ఇంటికి వెళ్ళొచ్చామని చెబుదామని. ఊరంతా నమ్మింది.

"మొన్న కళ్లంలో ఆఖరి కోత కాయ ఆటోకి ఎక్కిస్తుంటే రాఘవులుగారు వచ్చారు," సుభానీ మెల్లగా అన్నాడు. "కూలీలు ఇద్దరే ఉన్నారు. సుభానీ, టిక్కీకి ఓ చెయ్యి వెయ్యి అన్నారు."

మిరపకాయల టిక్కీ అంటే నలభై కిలోల పైబడిన బస్తా.

"వేశావా?"

"రెండు ఎత్తా. ఎత్తి, ఆటో చాటుకి పోయి నిలబడ్డా. కళ్లు బైర్లు కమ్మాయి. నీకు చెప్తే ఏడుస్తావని చెప్పలేదు."

ఆమె ఏడవలేదు. చెంచాతో నూనె కొలిచిందీ తనే, ఎవరికీ చెప్పొద్దని ఆయన వీపు మీద టిక్కీ పెట్టిందీ తనే. ఈ కౌళ్లూ ఈ నోటిమాటలూ మనిషికి జబ్బు పడే హక్కు కూడా లేకుండా చేశాయని ఒళ్లు మండింది. ఆ మంటలో సగం తన మీదే.

మర్నాడు పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే ఖాజాబీ చెప్పులు తొడుక్కుంది. ఆలుమగలు పక్కపక్కనే పనీపాటా లేకుండా రోడ్డున నడవడం ఆ ఊరికి కొత్త. వాకిళ్లు ఊడుస్తున్న వాళ్లు చీపుళ్లు ఆపి చూశారు. సుభానీ సిగ్గుతో నాలుగడుగులు ముందుకు పోబోతే చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

చర్చి దాటాక రాఘవులుగారి స్కూటర్ ఎదురొచ్చి ఆగింది.

"ఏమ్మా ఖాజాబీ, ఇద్దరూ పొద్దున్నే ఎటు?"

సుభానీ ఏదో అనబోయాడు. ఖాజాబీ ముందే అందుకుంది.

"ఎటూ కాదండి. ఈయనకి గుండెకి స్టెంటు వేశారు, జనవరిలో. రోజూ నడవాలన్నారు. బరువెత్తకూడదన్నారు."

రాఘవులుగారు సుభానీని పైనుంచి కింద దాకా చూశారు. ముఖంలో జాలీ ఉంది, లెక్కా ఉంది. "అయ్యో. చెప్పలేదేమయ్యా," అని, "మరి చేను?" అన్నారు.

"చేను ఎప్పుడూ చేసేది నేనేనండి. నారు పోసిందీ, కలుపు తీసిందీ, కూలోళ్లని పెట్టి కాయ కోయించిందీ నేనే. మీ ఎదురుగా కూర్చుని మాట్లాడింది మాత్రం ఈయన. ఈసారి నాతో మాట్లాడండి."

ఆయనకు ఆ మాట మింగుడుపడలేదు. ఏరువాక లోపు చూద్దాంలేమ్మా అని స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు.

ఖాజాబీ కొంగు సర్దుకుని మళ్లీ అడుగు వేసింది.

"పోయినట్టే," అన్నాడు సుభానీ.

"పోతే ఇంకొకళ్ల చేను అడుగుదాం. నిన్ను మళ్లీ నాకెవరు కౌలుకిస్తారు?"

ఆ మాట అనేశాక ఇక ఆగలేదు, కళ్లనీళ్లు బుగ్గల మీదికి జారాయి. సుభానీ రోడ్డు మీదే నిలబడి, మెడ మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. ముప్పై ఏళ్ల కాపురంలో నలుగురూ చూస్తుండగా అలా చేయడం అదే మొదలు. ఖాజాబీ కళ్లు తుడుచుకుని, నడువు, ఆగితే డాక్టరు లెక్కలోకి రాదు అని కసిరింది.

అరకిలోమీటరు పోయారో లేదో ఇమ్మానియేలు బైకు వచ్చి పక్కన ఆగింది. "ఎక్కు బాబాయ్. పిన్నికి ఆటో ఆపుతా."

ఖాజాబీ నోరు తెరవబోయింది. సుభానీ చేత్తో వారించాడు.

"వద్దురా. నాకు గుండెకి స్టెంటు వేశారు. నేను నడవాలి. రేపణ్ణించి బండి ఆపమాక."

ఇమ్మానియేలు ఇంజను ఆపేశాడు. దిగి, బైకు నెట్టుకుంటూ వాళ్ల పక్కనే నడవసాగాడు. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతుంది కదరా అని ఖాజాబీ అంటే, పర్లేదు పిన్నీ అన్నాడు. కొంతదూరం పోయాక ఇమ్మానియేలు రోడ్డు మీదికి చూస్తూ, ఎవరూ వినకూడదన్నట్టు అడిగాడు.

"బాబాయ్, నీకు నొప్పి మొదట ఎక్కడ పట్టేసింది? ఎడమ చేతిలోనా?"

సుభానీ ఆగి అతని ముఖంలోకి చూశాడు. ఖాజాబీ బైకు హ్యాండిలు రెండో వైపు పట్టుకుంది.

"నువ్వు నెట్టమాక," అంది. "ఎన్నాళ్ళ నుంచిరా నీకు?"