పది రోజుల బ్రదర్

ప్రార్థన మొదలై పావుగంట దాటింది. శాంతయ్య పాస్టరు గారు ఊళ్లోని ప్రతి ఇంటినీ, ప్రతి చేనునూ, చివరికి ప్రతి బర్రెనూ పేరుపేరునా దేవుడికి అప్పజెబుతున్నారు. జయరాజుకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. మెల్లగా ఒక కన్ను తెరిచాడు.

ఆ చిన్న రేకుల చర్చిలో నలభై మంది కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆడవాళ్ళ వైపు ఒక్క అమ్మాయి మాత్రం కళ్ళు తెరుచుకుని ఉంది. తలమీద ఆకుపచ్చ చున్నీ. జయరాజు రెండో కన్ను కూడా తెరిచాడు.

ఆ అమ్మాయి చటుక్కున ఇటు తిరిగింది. జయరాజు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, అందరికంటే పెద్దగా "ఆమెన్" అన్నాడు. ప్రార్థన ఇంకా అవలేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

బయట బోరింగు దగ్గర పట్టుకుంది అతన్ని.

"బ్రదర్, జర ఆగుండ్రి."

"నన్నేనా అండీ?"

"మిమ్ములనే. గుంటూరు నుంచి గింత దూరం వచ్చింది ప్రార్థన జేసేటందుకా, ఆడపిల్లలను జూసేటందుకా?"

"నేను చూశానని మీకెలా తెలిసిందండీ? మీరూ కళ్ళు తెరిచారనేగా?"

ఆమె బిందె బోరింగు కింద పెట్టి, "నాకంటే పనుంది. మా అమ్మను జూస్తున్న" అంది.

"ఎందుకు? అమ్మగారు పారిపోతారా?"

ఆమె ముఖం మారిపోయింది.

"పారిపోదు. పడిపోతది."

బిందె సగం కూడా నిండలేదు. ఎత్తుకుని వెళ్ళిపోయింది.

*

అది 2006 జూన్. గుంటూరులోని ఒక చర్చి నుంచి ఏడుగురు పది రోజుల మిషన్ ట్రిప్పు మీద మానవపాడు దగ్గరి ఆ ఊరికి వచ్చారు. పొద్దున పిల్లలకు పాటలు, కథలు. మధ్యాహ్నం ఇంటింటికీ వెళ్ళడం. సాయంత్రం కూడిక. వాళ్ళ పెద్ద యోహాను గారు రిటైరైన లెక్కల మాస్టారు. మాట మెత్తన, నియమాలు గట్టి. కుర్రాళ్ళు ఊరి అమ్మాయిలతో విడిగా మాట్లాడకూడదన్నది మొదటి నియమం.

జయరాజు బి.ఫార్మసీ చివరి పరీక్షలు రాసి ఖాళీగా ఉంటే వాళ్ళమ్మ బలవంతాన బ్యాగు సర్ది పంపింది. అతనికి దేవుడి మీద అనుమానమేమీ లేదు. అలాగని పెద్ద నమ్మకమూ లేదు.

ఆ అమ్మాయి పేరు రేణుక అనీ, తండ్రి ఎల్లన్న నాలుగేళ్ళ కిందట పోయాడనీ, తల్లి సత్తెమ్మకు ఫిట్స్ అనీ పాస్టరమ్మ చెప్పింది. మర్నాడు యోహాను గారితో కలిసి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు జయరాజు తలదించుకుని, "నిన్న తెలియక అన్నానండీ" అన్నాడు.

"తెల్వక అన్నదానికి ఏమంటం గని, కూసోండ్రి బ్రదర్" అంది రేణుక.

అతను మాత్రల చీటీ అడిగి చూశాడు. కర్నూలు పెద్ద దవాఖానలో రాసిచ్చిన గోలీలు. రోజూ రెండుపూటలా వేసుకోవాలి, ఒక్క పూటా తప్పకూడదు. అదే చెప్పాడు. సత్తెమ్మ ఎడమచేతిని కొంగు కింద దాచుకుని, "అంతా ఆయన చిత్తం కొడుకా" అంది.

మూడో రోజు నుంచి జయరాజుకు ప్రార్థనలంటే ఇష్టం పెరిగింది. ఎంత పొడుగైతే అంత బాగుండునని అనిపించేది. అందరూ కళ్ళు మూసుకోగానే అతను తెరిచేవాడు. రేణుక అమ్మను చూసేది. అమ్మ బాగానే ఉందని నమ్మకం కలిగాక ఇటు చూసేది. మూసుకో అన్నట్టు కనుబొమలు ముడిచేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకునేది. శాంతయ్య గారు ముగించబోతుంటే, "ఇంకొంచెం సేపు ప్రార్థించుకుందాం అయ్యగారూ" అన్నాడు ఒకరోజు. యోహాను గారు పొంగిపోయి, అతని భుజం తట్టారు.

"ఈ ట్రిప్పులో దేవుడు నిన్ను ముట్టాడయ్యా జయరాజూ."

రేణుక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది.

ఆరో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. పిల్లలకు చూపించే బొమ్మల అట్టలు తడిసిపోతుంటే ఇద్దరూ కలిసి చర్చి చూరు కిందికి చేర్చారు. వాన రేకుల మీద మోగుతోంది. గుమ్మం లోపల పిల్లలు గోల చేస్తున్నారు కాబట్టి అది విడిగా మాట్లాడటం కిందికి రాదని జయరాజు తనకు తాను చెప్పుకున్నాడు.

"మీరు నన్ను బ్రదర్ అని పిలవకండి."

"మరేమనాలె? సిస్టరనాల్నా?"

"జయరాజు అనండి."

"అమ్మో! మా పాస్టరమ్మ ఇంటే చర్చిల నుంచి ఎల్లగొడ్తది."

నవ్వింది. ఆ నవ్వు ఆగాక అతను అడిగాడు, "అమ్మగారి చెయ్యి ఏమైంది?"

రేణుక తడిసిన అట్టను చున్నీతో అద్దుతూ చెప్పింది.

"పోయినేడు గూడ గిట్లనే ఒక టీం వచ్చె. ప్రార్థన జేసి, నీకు బాగైంది, ఇగ గోలీలు బందువెట్టు అన్నరు. అమ్మ బందువెట్టింది. వారం దినాలు మంచిగనే ఉండె. ఊరంత సంబురపడ్డరు. ఎనిమిదో దినం రొట్టెలు జేస్తా జేస్తా పొయ్యిల పడ్డది."

"వాళ్ళకు తెలుసా?"

"ఎట్ల తెలుస్తది? ఫోటోలు దిగిండ్రు, మల్లొస్తమన్నరు, పోయిండ్రు. ప్రతి టీం గట్లనే అంటది. పిల్లలు నమ్ముతరు. రోడ్డు మీద జీపు చప్పుడైతే ఉరుకుతరు." అట్ట పక్కన పెట్టింది. "నువ్వు మాత్రం అనకు."

ఆమె 'నువ్వు' అన్నదని అతనికి ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.

*

పదో రోజు వీడ్కోలు కూడిక. పొద్దుటి నుంచీ ముసురు. చర్చి కిక్కిరిసింది. సత్తెమ్మ ముందుకొచ్చి మోకరించింది. యోహాను గారు ఆమె తలమీద చెయ్యి పెట్టి కన్నీళ్ళతో ప్రార్థించారు. ఆయన కన్నీళ్ళు నిజమైనవే. అవి చూసి సత్తెమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూ లేచి, బొడ్లోంచి గోలీల అట్ట తీసి పైకెత్తింది.

"నాకు బాగైంది! ఇగ ఇవి నాకద్దు దేవా!"

"హల్లెలూయా!" అని చర్చి హోరెత్తింది. అందరూ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. రేణుక మూసుకోలేదు. ఆమె ఈసారి తల్లిని చూడలేదు. నేరుగా జయరాజును చూసింది. ఆ చూపులో ఆటలేదు.

జయరాజు లేచాడు.

"అమ్మా, మాత్రలు మానొద్దు."

హోరు ఒక్కసారిగా ఆగింది. వాన చప్పుడే మిగిలింది.

"జయరాజూ, కూర్చో" అన్నారు యోహాను గారు మెల్లగా.

"ప్రార్థన చేసుకోండమ్మా, కాదనను. కానీ మాత్రలు వేసుకోండి. హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. నేను చదువుకున్నది అదే."

సత్తెమ్మ అతనివైపు తిరిగింది. ముఖమంతా ఎర్రబడింది.

"నా నమ్మకం మీద మన్ను బోసినవ్ కదా కొడుకా. ఇందరి ముంగల."

ఆమె వానలోకి నడిచి వెళ్ళిపోయింది. రేణుక వెంట పరిగెత్తింది. టీంలో ఎవరూ ఆ సాయంత్రం జయరాజుతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర యోహాను గారు మాత్రం వచ్చి అతని పక్కన కూర్చున్నారు.

"నేను ఆమెను మాత్రలు మానమని చెప్పలేదయ్యా."

"మానొద్దని కూడా చెప్పలేదు కదా అంకుల్."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

*

మర్నాడు పొద్దున మానవపాడు స్టేషన్లో కర్నూలు పాసింజరు కోసం నిలబడ్డారు. ఊరి పిల్లలు సగంమంది ట్రాక్టరెక్కి వచ్చేశారు. టీం వాళ్ళు ఒక్కొక్కళ్ళనూ ముద్దుపెట్టుకుని, "మళ్ళీ వస్తాంరా, ఏడవకూడదు" అంటున్నారు. జయరాజు ఆ మాట అనలేదు. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద రేణుక నిలబడి ఉంటే అక్కడికి వెళ్ళాడు. యోహాను గారు చూశారు. చూసి తల తిప్పుకున్నారు.

"అమ్మ వేసుకున్నారా?"

"ఏస్కోలే. నాతోని మాట్లాడుతలేదు. నేనే నీతోని జెప్పిచ్చిన్నని అంటుంది."

"రేణుకా, నేను నిన్ను పెళ్ళి చేసుకుంటాను. ఇంట్లో చెప్పి—"

"అద్దు."

"నేనంటే ఇష్టం లేదా?"

"గది అడుగకు." ఆమె చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది. "అమ్మను ఇడిసి నేను యాడికీ రాను. అమ్మ ఊరిడిసి రాదు. ఈడ నీకేం పనుంది? పత్తి చేన్ల గుంటూరు సార్లకు కూలి దొరకదు."

నవ్వించాలనుకుంది. కానీ ఇద్దరూ నవ్వలేదు.

బండి వచ్చింది. రెండు నిమిషాలే ఆగింది. అతను ఎక్కాక ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, "జయరాజూ" అంది. అంతే అంది. ఇంకేదో అనేలోపు బండి కదిలింది.

తుంగభద్ర వంతెన దాటుతుంటే జయరాజు మనసులో ఒక ఆలోచన వచ్చింది. సత్తెమ్మ లేకపోయుంటే. వచ్చినంత వేగంగా దాన్ని తరిమేశాడు. కానీ వచ్చిందన్న సంగతి అతనికి తెలుసు.

*

సెప్టెంబరులో ఒక సాయంత్రం యోహాను గారు జయరాజు ఇంటికి వచ్చారు. చేతిలో శాంతయ్య గారి కార్డు. రెండే వాక్యాలు. సహోదరి సత్తెమ్మ పదిహేను రోజుల కిందట ప్రభువునందు నిద్రించిందని.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. జయరాజు వాళ్ళమ్మ తెచ్చిన టీ చల్లారిపోయింది.

"ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఒక్క మాట... ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అని లేచి వెళ్ళిపోయారు.

జయరాజు ఆ రాత్రే బస్సెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నానికి అతను ఊరు చేరేసరికి రేణుక ఇంట్లో లేదు. స్మశానంలో ఉందని పాస్టరమ్మ చెప్పింది. ఊరి బయట, రైలు కట్టకు దిగువన ఆరేడు సిలువలున్న చోటు. వానకు సత్తెమ్మ సమాధి మట్టి ఒకవైపు జారిపోయింది. రేణుక చుట్టూ రాళ్ళు పేరుస్తోంది. అతన్ని చూసి ఆగలేదు.

"ఎవరు జెప్పిండ్రు?"

"యోహాను గారికి కార్డు వచ్చింది."

"ఊఁ."

అతను కూడా ఒక రాయి తెచ్చి పెట్టాడు. కొంతసేపు అలాగే ఇద్దరూ మోశారు. తర్వాత తనే చెప్పింది.

"గోలీలు నా ముంగల నోట్లేసుకుంటుండె. నేను అటు తిరగంగనే బయటికి పోయి తుపుక్కున ఊంచుతుండెనంట. పక్కింటి సాయమ్మ చూసిందంట. నాకు ఇప్పుడు జెప్తున్నది. ఆనాడు చేన్ల ఉన్నం. ఇత్తనాల పత్తిల పువ్వుకు పువ్వు ముట్టిచ్చే పని. నేను రెండు సాళ్ళ అవతల ఉన్న. సాళ్ళల్ల నీళ్ళు నిలిచినయ్. గింతంత నీళ్ళు, మడిమెలు మునుగయ్. బోర్ల పడ్డది." రాయి కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. "నేను పువ్వుల దిక్కు జూస్తున్న."

ఆమె తలెత్తింది.

"ఇప్పుడు నన్ను ఆపేటోళ్ళు ఎవరు లేరని వచ్చినవా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. కాదని చెప్పడం తేలికే. కానీ అతను చెప్పలేకపోయాడు.

"వంతెన మీద అనుకున్నాను రేణుకా. బండిలో వెళ్తూ. ఆమె లేకపోయుంటే అని అనుకున్నాను. ఒక్కసారే. కానీ అనుకున్నాను. ఆ సంగతి నీకు చెప్పకుండా నీ ముందు నిలబడలేను. ఇక నువ్వు పొమ్మంటే పోతాను."

ఆమె అతనివైపు చూడలేదు. జారిన మట్టిని అరచేత్తో పైకి నెడుతోంది. మబ్బు కమ్ముకుని, నాలుగు చినుకులు పడి ఆగాయి.

"నేను గూడ అనుకున్న" అంది చివరికి.

"ఏమని?"

"గదే. నీ బండి కదులుతుంటే. ఒక్కసారే." ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "కన్నతల్లిని గట్ల అనుకుంటరా ఎవరన్న? గందుకే గిట్లైందని... నేను ఎవరికి జెప్పాలె?"

జయరాజు ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. ముట్టుకోలేదు. ఊరుకోమనలేదు. ఆమె ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాడు. ఆ తర్వాత తనూ ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా కట్టమీద కర్నూలు పాసింజరు కూత వినిపించింది. పెట్టెలు ఒక్కొక్కటే వాళ్ళ ముందునుంచి దాటిపోయాయి.

"నీ బండి పోయింది" అంది రేణుక ముఖం తుడుచుకుంటూ.

"చూశాను."

"మల్ల రేపు పొద్దున్నే."

"కర్నూల్లో ఒక మందుల షాపులో మనిషి కావాలన్నారు. అక్కడ చేరితే ఆదివారాలు రావచ్చు."

ఆమె లేచి, పావడాకు అంటిన మట్టి దులుపుకుంది.

"అమ్మ పోయి ఏడాది దాటనియ్యి. అందాక నన్ను ఏమడగకు." ఒక అడుగు వేసి ఆగింది. "రాత్రికి పాస్టరు సారింట్ల పండుకో. అన్నం వండి పంపుత. జొన్నరొట్టె తింటవా, అన్నమే కావాల్నా?"

"రొట్టె తింటాను."

"సరే. ఆ పెద్దరాయి ఒక్కటి మిగిలింది. ఇద్దరం పడితే లేస్తది. రా."