ఫొటోలో నీలం కోటు

కొరియావాళ్ళు పోయిన పెద్దల్ని తలుచుకునే ఛుసొక్ పండగ ఉదయం. చూపులేని ఓక్‌బున్ పొయ్యి పక్కన కూర్చుని, పెద్దలకు పెట్టే బల్ల కోసం పియర్ పళ్ళు తడిమి ఏరుతోంది. ఎదురుగా కూతురు సన్‌జు తమ ఎండు నెత్తళ్ళ చేపల దుకాణం వెబ్‌సైటు తెరిచింది. చూపులేనివాళ్ళకి సైటు సరిగా అందుతోందో లేదో చెప్పే ఉచిత టూల్ ఒకటుంది. పండగ బేరాలకు ముందు దాన్ని నడపడం ఆమెకు అలవాటు.

తప్పులేమీ లేవని వచ్చింది. ప్రతి ఫొటోకీ వర్ణన ఉంది. ఫోన్ చదివి వినిపించే ఆ మాటలన్నీ సన్‌జు రాసినవే. వర్ణన ఉందా అని టూల్ చూస్తుంది గానీ, అది నిజమా అని అడగదు. అందుకే తమ్ముడు కీతే పోయాక తీసిన ఫొటోల్లోనూ, అమ్మ వినడం కోసం, ఆమె వర్ణనలో వాణ్ణి నిలబెడుతూ వచ్చింది. అవి పాత ఫొటోలని అమ్మ నమ్ముతోందనుకుంది.

ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది. ‘నెత్తళ్ళు ఉడికే కుండ. పక్కన కీతే, నీలం కోటులో.’

కోటు సంగతి తను రాయలేదు. ఫొటోలో కుండ, ఆవిరి, వెనక ఖాళీ గోడ. అంతే.

“అమ్మా, మన సైట్లోకి ఎవరో దూరారు.”

“ఎవరూ దూర్లేదే, నేనే. ఆ పరీక్షలూ దిద్దడాలూ మాకూ నేర్పారుగా చూపులేనివాళ్ళ సంక్షేమ కేంద్రంలో. నీ ఒక్కదానికే వచ్చనుకున్నావా?”

“కోటెందుకు?”

“పొట్టి చేతుల చొక్కాలో నిలబెట్టావు. రేవు గాలికి వాడికి చలెయ్యదూ?”

సన్‌జు తెర మీంచి తలెత్తింది. “అది పాత ఫొటో అమ్మా...”

“చాల్లే. ఆవిరి తగిలితే వాడు దగ్గేవాడు. నువ్వు ఫొటో తీస్తున్నప్పుడు పక్కనే ఉన్నాను. దగ్గు వినపడలేదు.”

“తెలిసీ రాయనిచ్చావా? ఇన్నాళ్ళూ నాచేత నాటకమాడించావా? ఇప్పుడే అన్నీ తీసేస్తాను!”

ఓక్‌బున్ చేతిలో పండు జారి దొర్లింది. “పెళ్ళికాకుండా, నాకంటే ముందు పోయాడు. వాడికి బల్ల మీద గిన్నె పెట్టకూడదంటారు మీ పెదనాన్న. ఆ ఫొటోల్లోంచి కూడా వెళ్ళగొడితే ఇంకెక్కడుంటాడే?”

సన్‌జు పండు తీసి అమ్మ చేతిలో పెట్టింది. ఆ చెయ్యి వదల్లేకపోయింది. తన కన్నీళ్ళు దాని మీద పడుతుంటే అమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి.

కాసేపటికి సన్‌జు ఫొటో తీయడానికి ఫోనెత్తింది. “ఇటు తిరుగమ్మా. కొత్త ఫొటో. వాడెక్కడ కూర్చున్నాడో నువ్వే చెప్పు.”

ఓక్‌బున్ చాప మీద కాస్త జరిగి చోటిచ్చింది. ఖాళీ వైపు మొహం తిప్పి, “దగ్గరికి రారా, అక్క తీస్తోంది” అంది.

సన్‌జు ఫొటో తీసి, వర్ణన అలాగే రాసి, టూల్ మళ్ళీ నడిపింది. తప్పులేమీ లేవు.

పొయ్యి మీద చేమదుంపల సూపు కుతకుతలాడుతోంది. ఆవిరి మెల్లగా ఆ ఖాళీ వైపే సాగింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి, ఒక్క దగ్గు కోసం చెవులొగ్గి కూర్చున్నారు.