కొసకు అందని నీళ్ళు

పొద్దున్నే బుట్టలో వచ్చిన కానాగంత చేపలను కత్తిపీట మీద కోసుకుంటూ కూర్చుంది గంగాలమ్మ. చెయ్యి పని మీదే ఉన్నా చెవి మాత్రం హాల్లో ఉంది. అక్కడ మనవరాలు దేవిశ్రీ అద్దాల తొట్టెకు మొహం ఆనించి చాలాసేపటి నుంచి నిలబడి ఉంది.

అది అందరిళ్ళల్లో ఉండే చేపల తొట్టె కాదు. ఒక కొస గోడకు ఆని, మిగతాదంతా హాలు మధ్యకు పొడుచుకొచ్చి ఉంటుంది. మూడు వైపులా తిరిగి చూడొచ్చు. లోపల ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద పెంపకంలో పుట్టిన పగడాలు, వాటి మధ్య నాలుగైదు చిన్న చేపలు. నీళ్ళను తోసే పంపులు రెండూ గోడవైపే బిగించింది దేవిశ్రీ. హాలువైపు పెడితే అందం చెడుతుందని ఆమె పట్టు.

మధురవాడలో ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి మరీ దీన్ని నిలబెట్టింది. ఇలాంటి తొట్టెలు కట్టడమే ఇకమీదట తన పని అంది. తండ్రి మోహన్ ఒకే మాటన్నాడు. మూడు నెలలూ పగడాలు బతికితే నీ దారి నీది, చచ్చిపోతే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి. ఆ గడువు ఈ రోజుతో ఆఖరు.

"నాన్నమ్మా, ఓసారి ఇలా రా."

ఆ గొంతు విని గంగాలమ్మ కత్తిపీట వదిలేసి లేచింది. గోడవైపు పగడాలు పువ్వుల్లా విచ్చుకుని ఊగుతున్నాయి. హాలువైపు కొసన ఉన్నవి ముడుచుకుపోయాయి. రెండయితే సున్నంలా తెల్లబడ్డాయి. వాటి మొదట్లో మడ్డి పేరుకుంది.

"రోజూ మధ్యాన్నం పంపులు ఆగిపోతన్నాయి. పంపులు ఎప్పుడెప్పుడు ఆగాయో ఇప్పుడే ఫోన్లో చూసాను. గంట, గంటన్నర. ఎవరో స్విచ్చి కట్టేత్తన్నారు."

గంగాలమ్మ చూపు స్విచ్చిబోర్డు మీదకు పోయింది. నోరు తెరిచేలోపే పోర్టులో రాత్రి డ్యూటీ ముగించుకుని మోహన్ గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు విప్పుతుండగానే కూతురు ఎదురెళ్ళింది.

"నువ్వే కదా నాన్నా?"

"ఏటి నాను సేసింది?"

"పంపులు కట్టేసింది. ఈ రొదకి నిద్ర పట్టట్లేదని అన్నావు కదా."

"అన్నాను. అంటే కట్టేసినట్టేనా?"

"నేను ఓడిపోతే చూడాలని నీకు."

మోహన్ మొహం నల్లబడింది. "మా బాబు, అదే మీ తాత, సంద్రంలో పోబట్టే కదే నాను వలొగ్గేసి పోర్టులో క్రేనెక్కినాను. ఆ నీళ్ళు మన గుమ్మం తొక్కకూడదనుకున్నాను. నువ్వు తెచ్చి నట్టింట్లో పెట్టినావు. అయినా మూడు నెల్లు ఊరుకున్నాను. ఇంక సాలు. ఆఫీసుకి ఫోన్ సేసి వత్తన్నానని సెప్పు."

"చెప్పను."

"అయితే ఇప్పుడు నిజంగానే కట్టేత్తాను, సూడు" అని మోహన్ స్విచ్చిబోర్డు వైపు నడిచాడు. దేవిశ్రీ అడ్డం వెళ్ళి నిలబడింది. తండ్రి చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఆగరా నాయనా" అంది గంగాలమ్మ. "కట్టేసింది నాను."

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఆ సేపల్ని సూత్తే పేనం ఒప్పలేదు. పగలూ రాత్రీ నీళ్ళకి ఎదురీదుతానే ఉన్నాయి. సంద్రం కూడా పోటుకీ ఆటుకీ నడాన కాసేపు నిలబడతాది. అప్పుడే మీ తాత పడవలో ఓ ముద్ద తినీవోడు. ఈటికీ అలుపు తీరాల గదా అని, నువ్వు బయటికెళ్ళినప్పుడు..."

దేవిశ్రీ కళ్ళు నిండాయి. "నాన్ననెన్ని మాటలన్నాను నాన్నమ్మా" అంది, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది ముసలామెకు.

కాసేపటికి గంగాలమ్మ తొట్టె కొసకి వెళ్ళి వంగి చూసింది. "తప్పు నాదే. గానీ అమ్మీ, నాను ఆపితే నీళ్ళన్నీ ఆగాల. గోడకాడియి నవ్వుతా ఉన్నాయి. ఈ కొసవే ఎందుకు సచ్చినాయి?"

గంగాలమ్మ చీపురుపుల్ల విరిచి, దాని చివర ఎర్రదారం కట్టింది.

"సేతులు కడుక్కోవే అమ్మా" అన్నాడు మోహన్. "ఆ కంపుకి లోపలున్నయి హడిలిపోతాయి."

ఆమె చేతులు కడుక్కొచ్చి పుల్లను నీళ్ళలో ముంచింది. గోడ దగ్గర దారం జెండాలా సాగింది. తొట్టె మధ్యలో ఎత్తుగా పేర్చిన రాళ్ళ దగ్గర గిజగిజలాడింది. రాళ్ళు దాటాక నిట్టనిలువునా వేలాడింది.

"సూడు. నడాన రాళ్ళు గోడలా పేర్సినావు. నీళ్ళు దానికి కొట్టుకుని ఎనక్కొచ్చేత్తన్నాయి. హార్బరుకాడ రాళ్ళకట్ట ఎనకాల సెత్తంతా ఎలా నిలిసిపోద్దో సూళ్ళేదేటి?"

దేవిశ్రీ ఆ దారాన్నే చూస్తూ ఉండిపోయింది. "కొండలా ఉంటే అందమనుకున్నాను" అంది మెల్లగా. "మూడు నెలలూ ఉప్పెంత, వేడెంత అని ఫోన్లో అంకెలే చూసాను. నీళ్ళని చూళ్ళేదు."

మోహన్ పెరట్లోకి వెళ్ళాడు. మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి తొట్టెలో చెయ్యి పెట్టాడు. "ఏ రాయి తియ్యాల?"

దేవిశ్రీ చూపించింది. ఇద్దరూ కలిసి ఆ గుట్టను సగానికి దించారు. రెండు అద్దాల వెంటా నీళ్ళు పోవడానికి దారి వదిలారు. రాళ్ళ అడుగున కూడా సందు చేశారు. ఇప్పుడు నీళ్ళు చివరి అద్దం దాకా పరుగెత్తి, దానికి తగిలి మళ్ళి, రాళ్ళ కిందనుంచి వెనక్కి వస్తున్నాయి. మడ్డి లేచి పంపులవైపు కొట్టుకుపోయింది.

"పంపులు రెండూ ఒకేసారి తొయ్యకుండా వంతులు పెడతాను నాన్నమ్మా. కాసేపు ఇది, కాసేపు అది. ఆపక్కర్లేదు, మళ్ళిస్తే చాలు." అంతలోనే ఆమె గొంతు తగ్గింది. "ఆ తెల్లబడ్డ రెండూ మాత్రం బతకవు నాన్నా. అనుకున్న మాట ప్రకారం నేను ఓడిపోయినట్టే."

మోహన్ చెయ్యి తుడుచుకోలేదు. మోచేతి నుంచి నీళ్ళు గచ్చు మీదికి కారుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"బాబు పోయినకాడినుంచి ఉప్పునీళ్ళల్లో సెయ్యెట్టలేదే అమ్మా" అన్నాడు తల్లితో. "ఇరవయ్యేళ్ళు."

గంగాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవిశ్రీ తండ్రి తడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "తప్పయిపోయింది నాన్నా."

"తప్పు తరవాత సూద్దాం. ముందు ఆఫీసుకి ఫోన్ సెయ్యి."

"ఏమని?"

"ఇంక రానని. బేగి సెయ్యి, నా మనసు మళ్ళకముందే."